ముట్టుకుంటే అర పాయింటు

పెర్మ్, 1978 మార్చి 2

మా జిమ్నాస్టిక్స్ హాల్లో ప్రతి పిల్లా డైరీ రాయాలి. ఎన్నిసార్లు బార్ ఎక్కింది, ఎన్నిసార్లు పడింది, ఎంత బరువు తూగింది, మనసెలా ఉంది. శనివారం హెడ్ కోచ్ రెమ్ సవిచ్ అన్నీ చదివి ఎర్ర పెన్నుతో మార్కులు వేస్తాడు. మనసెలా ఉంది అన్నచోట పిల్లలందరూ "ఉత్సాహంగా ఉంది" అనే రాస్తారు. ఇంకేం రాసినా మార్కులు తెగ్గోస్తాడు. నన్ను రాయమని ఎవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

ఈరోజు రెమ్ సవిచ్ తాళాల గుత్తి విసిరాడు. రిమ్మా భుజానికి తగిలి చర్మం చిట్లింది. ఆ గుత్తి అర కిలో ఉంటుంది. రిమ్మా కిందికి వంగి దాన్ని తీసింది, వెళ్ళి ఆయన చేతిలో పెట్టింది, మళ్ళీ బార్ ఎక్కింది.

"గేదె వేలాడినట్టు వేలాడకు. దేశానికంతటికీ ఛాంపియన్‌వట. ఎవరిచ్చారే నీకు పతకం, పాలకేంద్రం వాళ్ళా?"

ఆమెకు పదిహేడేళ్ళు. పదిహేనేళ్ళప్పుడు ఒకసారి, పోయినేడాది మరోసారి ఛాంపియన్ అయింది. నా పని ఆమెను పట్టుకోవడం. పిల్ల గాల్లో రెండు పిల్లిమొగ్గలు తిరిగి కిందికి దిగేటప్పుడు నా ఒక చెయ్యి వీపు కింద, ఇంకో చెయ్యి పొట్ట దగ్గర ఉండాలి. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఛాంపియన్లను తయారుచేసేది రెమ్ సవిచ్, వాళ్ళు విరగకుండా చూసేది నేను. పేపర్లో ఫోటో వేస్తే నా మోచేతులు మాత్రం పడతాయి.

ఈరోజు పదకొండుసార్లు పట్టుకున్నాను.

నేను పిల్లల్ని కొట్టను. రిమ్మాను ఒక్కసారి కొట్టాను, తొమ్మిదేళ్ళప్పుడు. అదీ తన మంచికే.

మార్చి 3

పద్నాలుగుసార్లు. ఎడమకాలు నేలకు ఆనించగానే పెదవి కొరుక్కుంటోంది. అడిగితే ఏం లేదంది.

మార్చి 6

పొద్దున తూకం. రిమ్మా రెండువందల గ్రాములు ఎక్కువ తూగింది. రెమ్ సవిచ్ అందరి ముందూ ఆమె తొడ మీద మాంసం వేళ్ళతో పట్టి మెలిపెట్టాడు. "ఇదిగో, ఇక్కడుంది నా రెండువందల గ్రాములు."

ఇంగా నవ్వింది. దానికి పదమూడేళ్ళు, ముప్పై కిలోలుండదు. కోతిపిల్లలా ఎగురుతుంది. "ముసలమ్మకి ఎముకలే బరువు లెండి" అంది.

బట్టలు మార్చుకునే గదిలో రిమ్మా బీరువా తలుపేసింది. ఇంగా వేళ్ళు అందులో ఉన్నాయి. నేను వెళ్ళేసరికి గోరు ఒకటి ఊడి వేలాడుతోంది, తెల్ల గోడ మీద చేతి గుర్తులు ఎర్రగా పడ్డాయి. ఇంగా ఏడవలేదు. పళ్ళు బిగబట్టి రెండో చేత్తో రిమ్మా జుట్టు పట్టుకుని వేలాడుతోంది. ఇద్దర్నీ విడదీశాను. రిమ్మా మెడ పట్టుకుని చన్నీళ్ళ కొళాయి కింద తల పెట్టాను, ఆమె కాళ్ళు కొట్టుకోవడం మానేదాకా. కొట్టలేదు. నీళ్ళ కింద పెట్టాను, అంతే.

రెమ్ సవిచ్‌కి కోపం రాలేదు. పైగా మురిసిపోయాడు. నా పేరు యెఫిమ్, ఆయనకెప్పుడూ ఫీమానే. "చూశావా ఫీమా, ఇద్దరికీ పౌరుషం ఉంది. దీంతోనే గెలుస్తారు." ఇంగా వేళ్ళకు కట్టు కట్టి సాయంత్రం బ్యాలెన్స్ దూలం మీద నడిపించాడు.

మార్చి 9

డాక్టరమ్మ కపితోలీనా నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. ఎక్స్‌రే ఫిల్మ్ కిటికీ అద్దానికి ఆనించి చూపించింది. ఎడమకాలు, చీలమండకు పైన, వెంట్రుకంత గీత.

"ఇది చీలిక యెఫిమ్ నీలిచ్ గారూ. బెణుకు కాదు. మెత్తగా దిగితే ఇంకో ముప్పైసార్లు ఆగుతుందేమో. గట్టిగా దిగితే ఒక్కసారి చాలు."

"పిల్లకు చెప్పారా?"

ఆమె ఫిల్మ్ తీసి సొరుగులో పెట్టింది. "బెణుకని చెప్పమన్నారు రెమ్ సవిచ్ గారు. రోజూ నొప్పి తెలియని సూది వెయ్యమన్నారు. వేస్తున్నాను. నన్నలా చూడకండి. మీరు మాత్రం రోజూ బార్ పక్కన నిలబడట్లేదూ?"

నిజమే. నిలబడుతున్నాను.

మార్చి 10

రెమ్ సవిచ్‌ని అడిగాను. ఆయన గదిలో పిల్లల డైరీలు ముందేసుకుని కూర్చున్నాడు.

"దాని కాలు చూశారా?"

"చూశాను. రెండున్నాయి."

"నెల్లాళ్ళు ఆపండి. ఆ ఎముక అతుక్కోనివ్వండి."

"నెల తర్వాత ప్రపంచ పోటీలకి జట్టు ఎంపికైపోయి ఉంటుంది. పై ఏడాదికి దీనికి పద్దెనిమిది దాటుతుంది, ఇంగా దీన్ని తొక్కేసి పోతుంది. సరే ఫీమా, నువ్వు చెప్పావని ఆపేస్తాను. నువ్వే వెళ్ళి చెప్పు: నీ పనైపోయిందమ్మా, ఇంటికెళ్ళి మీ అమ్మకి క్యాబేజీ తరిగి పెట్టు అని. చెప్తావా?"

తలుపు వైపు తిరిగాను.

"చెప్పలేవు. నువ్వు పట్టుకునేవాడివి. పోయి పట్టుకో."

ట్రాము ఎక్కుతుంటే ఒకడు మోచేత్తో తోశాడు. వాణ్ణి కిందికి లాగి మంచులో పడేసి ముఖం మీద కొట్టాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. వాడి టోపీ నా చేతిలో మిగిలింది. ఇంటికి తెచ్చాను, ఎందుకో తెలియదు.

మార్చి 13

రేపు మాస్కో బండి. అక్కడ కప్పు పోటీలు. మొదటి ఆరుగురు ప్రపంచ పోటీల జట్టులో ఉంటారు, ఏడో మనిషి ఇంట్లో ఉంటుంది.

రిమ్మా హాలు మెట్ల మీద నా పక్కన కూర్చుని అరచేతుల్లో పగిలిన బొబ్బల తోలు పళ్ళతో పీకుతోంది.

"బాబాయ్, బార్ల పక్కన నువ్వే నిలబడాలి. నువ్వు కనిపించకపోతే నాకు చెయ్యి వదలబుద్ధి కాదు."

"నిలబడతాను."

"కానీ ముట్టుకోకు. ముట్టుకుంటే అర పాయింటు కోస్తారు."

"పడిపోతేనో?"

"పడనీ. నేలకేసి తల కొట్టుకోనీ. అది నా తప్పవుతుంది. నీ తప్పుకి నేను ఏడో మనిషిని అవ్వకూడదు." ఇంకో తోలుముక్క పీకి ఉమ్మి మళ్ళీ అంది: "పోయినసారి నన్ను తీసుకెళ్ళి, ఆడనివ్వకుండా బల్ల మీద కూర్చోబెట్టారు. వారం రోజులు వేరేవాళ్ళ స్వెట్టర్లు ఒళ్ళో పెట్టుకుని చూశాను. ప్రపంచం ఒక్కసారైనా నన్ను చూడాలి బాబాయ్. తర్వాత ఏమైనా ఫర్లేదు. ఒట్టెయ్యి."

ఒట్టేశాను.

మాస్కో, మార్చి 18

పడిపోతోంది. పట్టుకున్నాను. అర పాయింటు పోయింది. నాలుగో స్థానంలో ఉండాల్సిన పిల్ల ఏడులోకి వెళ్ళింది.

బార్ల దగ్గర నుంచి నడవాలోకి వచ్చాక రిమ్మా నన్ను కొట్టింది. చేతులకు కట్టుకునే తోలుపట్టీ విప్పి, దాని బకిల్ వైపుతో. మొదటి దెబ్బకే కనుబొమ్మ చీలింది. చేతులు అడ్డం పెట్టలేదు. "పడటం లేదు" అంది. ఒక్కో దెబ్బకీ ఒకసారి, గట్టిగా కూడా కాదు. "పడటం లేదు. పడటం లేదు." పక్క జట్టు వాళ్ళు వచ్చి పట్టీ లాక్కున్నారు.

నాలుగు కుట్లు వేశారు. పడిపోతోంది. చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

మార్చి 19, రైల్లో

పెట్టె చివర టీ నీళ్ళు మరిగే చోట రెమ్ సవిచ్ రిమ్మాను నిలబెట్టి మాట్లాడుతున్నాడు. నేను పడుకునే బల్ల మీద నుంచి చూస్తున్నాను. ఆమె ఏదో జవాబు చెప్పింది. ఆయన జడ చేతికి చుట్టుకుని ఆమె ముఖాన్ని కిటికీ చట్రానికేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి. తలుపు కొట్టినట్టు నిదానంగా కొట్టాడు.

నేను దిగి వెళ్ళాను. ఆయన చూడలేదు. చెవి కింద కొట్టాను, పడ్డాక నోటి మీద కొట్టాను. రెండు పళ్ళు రాలాయి, ఒకటి బంగారుది. ఇంకా కొట్టేవాణ్ణి. రిమ్మానే నా చెయ్యి కొరికి ఆపింది. ముక్కులోంచి రక్తం కారుతుంటే నా మణికట్టు నోట కరుచుకుని వేలాడింది. ఆయన్ని కాపాడుతోంది. తనకు ఇంకా ఆయన అవసరం ఉంది మరి.

రైలు పెట్టె చూసుకునే ఆవిడ గుడ్డా బకెట్టూ తెచ్చింది. "ఏం మనుషులయ్యా మీరు. ఆటలవాళ్ళంటే ఆరోగ్యంగా ఉంటారనుకున్నాను. కాళ్ళు తియ్యండి, తుడవాలి." ఆ తర్వాత ముగ్గురికీ టీ ఇచ్చింది, చక్కెర రెండేసి ముక్కలు.

రెమ్ సవిచ్ బంగారు పన్ను వెతికి రుమాల్లో చుట్టుకున్నాడు. "మంచి దెబ్బ" అన్నాడు. "ఇదే చెయ్యి నిన్న ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది ఫీమా."

మార్చి 20

వివరణ పత్రం రాయమన్నారు. మన దేశంలో గొట్టం పగిలినా, గుర్రం చచ్చినా వివరణ పత్రం ఉండాలి కదా. మాస్కో నుంచి ముగ్గురు మనుషుల కమిటీ ఇరవైనాలుగున వస్తుంది. నా కాగితం చదువుతారు. రిమ్మా బాగానే దిగుతుంటే నేను పొరపాటున ముట్టుకున్నానని రాస్తే, తప్పు ఆమెది కాదు గనక జట్టులోకి తీసుకోవచ్చు. పడిపోతుంటే పట్టుకున్నానని రాస్తే ఇక మాట్లాడేదేమీ ఉండదు.

రెమ్ సవిచ్ నోట్లో దూది పెట్టుకుని మాట్లాడాడు. "పొరపాటని రాయి. నా పళ్ళ సంగతి నేను మర్చిపోతాను. మిలీషియా పోలీసుల దాకా పోను."

పొరపాటు కాదు. పడిపోతోంది.

మార్చి 21

రిమ్మా ఇంటికొచ్చింది. మా వంటింట్లో మూడు కుటుంబాలకు మూడు పొయ్యిలున్నాయి. పక్క గది గ్లఫీరా అత్త చేపలు వేయిస్తోంది. రిమ్మా కళ్ళు రెండూ నల్లగా వాచి ఉన్నాయి, ముక్కు మీద పట్టీ. అత్త ఆమెనూ నా కుట్లనూ మార్చి మార్చి చూసి, "ఎవరు ఎవర్ని కొట్టారో నాకు చెప్పొద్దు, తినండి" అని రెండు చేపలు పెట్టింది. రిమ్మా ముట్టుకోలేదు. తూకం ఉంటుందని.

"రాశావా?"

"రాస్తున్నాను."

"ఏమని?"

"జరిగింది రాస్తాను తల్లీ."

"జరిగిందేంటి?"

బల్ల వైపు చూశాను. ఆమె లేచి నిలబడింది. "నా ముఖంలోకి చూసి చెప్పు, నేను పడిపోతున్నానా?"

"పడిపోతున్నావు."

చేప పళ్ళెం తీసి గోడకు కొట్టింది. పెంకు ఒకటి ఎగిరి గ్లఫీరా అత్త చెంప కోసింది. అత్త ఏప్రన్ అంచుతో చెంప నొక్కుకుని, "నీకు ఎవరో చాలా పెద్ద అన్యాయం చేసి ఉండాలమ్మా" అంది. రిమ్మా ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని పెంకులన్నీ ఏరింది. వాటిని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మార్చి 22

రాసి చింపాను. మూడుసార్లు. "క్రీడాకారిణి అదుపు తప్పి" అని ఒకటి. "నా అజాగ్రత్త వల్ల" అని ఒకటి. మూడోది ఇక్కడ రాయను.

ఆ కాలు. వెంట్రుకంత గీత. ముప్పైసార్లు.

మార్చి 23

ఇచ్చేశాను. పడిపోతోంది అని రాశాను. కాలు మిగిలింది.

మార్చి 24

ఇది రాయాలి.

కమిటీ పదిగంటలకు వచ్చింది. ఇద్దరు మగవాళ్ళు, ఒకావిడ. అధ్యక్షుడు బట్టతల మనిషి, ఓవర్‌కోటు విప్పకుండానే కూర్చున్నాడు. పిల్లలందర్నీ గోడవారగా నిలబెట్టి నా కాగితం పైకి చదివాడు. "క్రీడాకారిణి రిమ్మా చుదినోవా దిగే సమయంలో వెనక్కి పడిపోతుండగా, ప్రాణాపాయం నివారించుటకై పట్టుకొంటిని. యెఫిమ్ లాప్షిన్." చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అంతే కదా. మాకు పన్నెండున్నరకు విమానం ఉంది."

అప్పుడు రిమ్మా గోడ దగ్గర నుంచి ముందుకొచ్చింది. ఉన్ని మేజోళ్ళు విప్పి పక్కన పెట్టింది. చేతులకు తెల్లపొడి రాసుకుంది.

"నేను దిగగలనో లేదో కాగితాన్ని అడుగుతున్నారు. నన్ను అడగండి. ఆయన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి తలుపు పట్టుకోమనండి, రెండు చేతులతో."

అధ్యక్షుడు రెమ్ సవిచ్ వైపు చూశాడు. రెమ్ సవిచ్ తల ఊపాడు. పొద్దున సూది వెయ్యలేదు, కమిటీ వస్తోందని డాక్టరమ్మ గది తాళం వేసి వెళ్ళిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. నేను అరవాల్సింది. ఎక్స్‌రే అని, చీలిక అని అరవాల్సింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి తలుపు పట్టుకున్నాను. ఎందుకు వెళ్ళానో ఈ నోటుబుక్కుకు కూడా చెప్పలేను. ఆమె చెప్పింది, వెళ్ళాను.

మొత్తం చేసింది, ఒక్కటి వదలకుండా. నేను చూసిన పంతొమ్మిదేళ్ళలో ఎవరూ అంత బాగా చెయ్యలేదు. కింది బార్ నుంచి పైదానికి వెళ్ళేటప్పుడు చప్పుడే లేదు. చివర చెయ్యి వదిలింది. ఒకటి తిరిగింది, రెండు తిరిగింది, నేల చూసుకుంది, కాళ్ళు చాచింది.

ఎండుకట్టె విరిగిన చప్పుడు వచ్చింది. గోడవారనున్న పిల్లలందరూ ఒకేసారి కళ్ళు మూసుకున్నారు.

ఆమె నిలబడే ఉంది. మేజోడు లేని ఎడమకాలి పక్క నుంచి ఎముక తెల్లగా బయటికొచ్చింది, రక్తం పరుపు మీదికి దిగుతోంది. ఆమె నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. న్యాయనిర్ణేత తల ఊపితేనే విన్యాసం ముగిసినట్టు లెక్క. అధ్యక్షుడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆమె అలాగే చేతులెత్తి ఆయన కళ్ళలోకి చూస్తూ నిలబడింది. నాకు గంటసేపులా అనిపించింది. చివరికి పక్కనున్నావిడ అతని మోచెయ్యి గిల్లింది. అతను తల ఊపాడు.

అప్పుడు పడింది.

మొదట చప్పట్లు కొట్టింది రెమ్ సవిచ్.

మార్చి 25

తాగాను. తొమ్మిదేళ్ళప్పుడు నేను రిమ్మాను కొట్టింది ఒక్కసారి కాదు. ఆ చలికాలమంతా కొట్టాను. చెయ్యి వదలడానికి భయపడేది.

మార్చి 28

ఆసుపత్రి. కాలికి మేకులు వేశారు. చీలమండ ఇక వంగదట. ఆరు మంచాల గది, కిటికీ పక్కది ఆమెది. మందుల వల్ల పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నీళ్ళు పట్టాను, తాగింది.

"కమిటీ ఏం రాసుకుంది?"

"తప్పులేకుండా దిగిందని."

"మరి పడిపోతోందన్న కాగితం?"

"అదీ ఫైల్లో ఉంది."

ఆగలేకపోయాను. చెప్పేశాను. మాస్కోలో ఆమె పడటం లేదని, రెండో మొగ్గ ముగించి నేల చూసుకోవడం నేను చూశానని, కాళ్ళు నేలకు ఆనాక చెయ్యి వేశానని. జట్టులోకి వెళ్తే ఆ కాలు పోతుందని కావాలనే వేశానని.

"తెలుసు."

"ఎలా?"

"నా వీపుకి నీ చెయ్యి తెలీదా బాబాయ్. నిజంగా పడేటప్పుడు అది నాకంటే ముందొచ్చి అక్కడుంటుంది. ఆరోజు ఆలస్యంగా వచ్చింది. పడిపోతోందని నువ్వంటుంటే, నీ నోటితోనే నిజం వస్తుందేమోనని చూశాను."

"డాక్టరమ్మ ఫిల్మ్ చూపించింది తల్లీ. నీకు చెప్పలేదంది. నేను ఊరుకోలేక..."

"అందరికంటే ముందు నాకే చూపించింది. ఎవరికీ చెప్పొద్దని నేనే అన్నాను. ఆవిడ ఊరుకోలేక నీకు చెప్పింది. నువ్వు ఊరుకోలేక ముట్టుకున్నావు." ఆమె గొంతు పెంచలేదు. "ఈ కాలు విరుగుతుందని నాకు తెలుసు. ప్రపంచమంతా చూస్తుండగా విరగాలనుకున్నాను. నువ్వు ముగ్గురు ముసలివాళ్ళ ముందు విరగ్గొట్టించావు."

నేను ఏడ్చాను. పక్క మంచం ముసలావిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఏడవకు. కాగితం తియ్యి. రాయి."

నర్సును అడిగి కాగితం తెచ్చాను. రిమ్మా చెప్పినట్టే రాశాను: పడటం లేదు, దిగింది, దిగిన తర్వాత కావాలని ముట్టుకున్నాను. "కావాలని" అన్నచోట పెన్ను ఆగింది. ఆ మాట రాసినవాణ్ణి ఏ హాల్లోకీ మళ్ళీ రానివ్వరు. ఆమె చూస్తోంది. రాశాను. సంతకం చేశాక తీసుకుని రెండుసార్లు చదువుకుంది. తర్వాత నాకే తిరిగిచ్చింది, ఇచ్చి రమ్మని.

"ఇంక ఇక్కడికి రాకు" అంది.

మార్చి 31

ఇచ్చాను. గుమాస్తా ముద్ర వేసింది. హాలు పాసు అడిగింది, ఇచ్చేశాను. లోపలున్న బూట్లు తెచ్చుకుంటానంటే, ఎవరితోనైనా పంపిస్తామంది.

బయటికొచ్చి హాలు వెనక సందులో నిలబడ్డాను. గాలికోసం పై కిటికీ ఒకటి తెరిచి ఉంది, బార్లు దానికిందే ఉంటాయి. ఈరోజు నుంచి రెండు మొగ్గల దిగుడు ఇంగాకు నేర్పుతున్నారని గుమాస్తా అంది. పట్టుకోవడానికి కొత్త మనిషి ఇంకా దొరకలేదు. రెమ్ సవిచే పక్కన నిలబడి ఉంటాడు. ఆయన జీవితంలో ఎవర్నీ పట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు.

రెండు కాళ్ళూ కలిసి ఆనితే పరుపు ఒక్కసారే మోగుతుంది. మొదటిసారి అలాగే మోగింది. రెండోసారి మోకాళ్ళు తగిలిన చప్పుడు. మూడోసారి వీపు, దాని వెంట తల. నా రెండు చేతులూ ముందుకొచ్చి గోడకు కొట్టుకున్నాయి, వేళ్ళు చిట్లాయి.

లోపల ఏడుపు వినిపించలేదు. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత రెమ్ సవిచ్ గొంతు, పళ్ళు లేక మాట కాస్త జారుతూ, "లే, ఎక్కు" అంది. బార్ కిర్రుమంది.

ఎక్కింది.